తల వాలకూడదు: ఒక వాల్-ఈ ఇటుకల నమూనా కేస్ స్టడీ

రాత్రి దీపం ఆర్పే ముందు బొమ్మ తిన్నగా నా వైపే చూస్తోంది. పొద్దున లేచేసరికి నేల చూపులు చూస్తోంది. మెడ విరగలేదు, ఒక్క ముక్క కూడా ఊడలేదు. రాత్రంతా మెల్లగా, చడీచప్పుడు లేకుండా తల వాల్చేసింది, అంతే. అది నేను కట్టిన రెండో మెడ. కట్టి నాలుగో రోజు.

మొత్తం 1,412 లెగో ప్లాస్టిక్ ఇటుక ముక్కల ఈ నమూనాకు పట్టిన కాలంలో సగానికి పైగా ఆ మెడకే పోయింది. అందుకని ఈ రాతలోనూ సగం మెడ గురించే ఉంటుంది.

పని ఇలా మొదలైంది. యానిమేషన్ పాత్రల బొమ్మలు సేకరించే పెద్దాయన ఒకరు సినిమా రోబో వాల్-ఈ కావాలన్నారు. గాజు బీరువాలో అర లోపలి ఎత్తు 26 సెంటీమీటర్లు, అందులో పట్టాలి. జిగురు వాడకూడదు, ఇటుకల మీద రంగు వేయకూడదు. కట్టిన బొమ్మ వద్దు, ముక్కలూ సూచనల పుస్తకమూ ఇస్తే తానే కూర్చుని కట్టుకుంటారు. ఇవన్నీ కాగితం మీద రాసుకున్నాక, లేచి వెళ్తూ, “అది నన్ను చూడాలండీ” అన్నారు. ఆ మాట నేను కాగితం మీదకు ఎక్కించలేదు. ముచ్చటపడి అన్న మాట అనుకున్నాను.

దుకాణంలో దొరికే నమూనా ఉండనే ఉంది కదా అని మీరు అడగవచ్చు. లెగో సంస్థ 2015లో 676 ముక్కలతో వాల్-ఈ సెట్ తెచ్చింది. దాన్ని రూపొందించిన ఆంగస్ మెక్‌లేన్ అప్పట్లో స్వయంగా ఆ సినిమా తీసిన పిక్సార్ స్టూడియోలో యానిమేటర్. అది పెద్దాయన బీరువాలో అప్పటికే ఉంది. ఇంతకంటే పెద్దది, మెడను కోరిన చోట నిలుపుకోగలిగేది ఆయనకు కావాలి. ఆ సెట్‌కు కూడా విడుదలైన కొద్ది కాలానికే మెడ దగ్గర మార్పు చేయాల్సి వచ్చింది. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసీ అదే గోతిలో పడ్డాను.

పాత్ర ముఖం సంగతి కొంత చెప్పాలి. 2008లో వచ్చిన ఆ చిత్రంలో వాల్-ఈ చెత్తను నొక్కి ఘనాలుగా పేర్చే రోబో. మాటలు దాదాపు లేవు. నోరు లేదు, ఉన్నవి రెండు కటకాలు. దర్శకుడు ఆండ్రూ స్టాంటన్ ఒక బేస్‌బాల్ ఆట చూస్తూ పక్కవారి దుర్భిణీ తీసుకున్నారట. ఆట వదిలేసి దాన్ని తన వైపు తిప్పుకుని, మధ్య కీలు దగ్గర వంచి చూశారట. ఒక వైపు వంచితే దిగులు, ఇంకో వైపు వంచితే కోపం. పాత్ర ముఖం అక్కడ పుట్టింది. అంటే ఆ ముఖం రూపంలో లేదు, కోణంలో ఉంది. రెండు కళ్ల మధ్య కోణం, మెడకూ తలకూ మధ్య కోణం, తల పక్కకు ఒరిగే కోణం. మిగతా ఒళ్లంతా ఈ మూడింటినీ మోసే పెట్టె.

ఇది అర్థమయ్యాక కొలత ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసిపోయింది. కొత్తగా నమూనాలు కట్టేవారు సాధారణంగా ముందు ఒళ్లు కట్టి, తర్వాత కళ్లు ఎక్కడ పెట్టాలా అని వెతుకుతారు. ఇటుకల్లో చదునైన గోడ ఏ కొలతలోనైనా కట్టవచ్చు. గుండ్రని ముక్కలు మాత్రం కొన్ని వ్యాసాల్లోనే దొరుకుతాయి. కాబట్టి కంటికి ఏ గుండ్రటి ముక్క కుదురుతుందో ముందు తేల్చుకుని, ఒళ్లును దానికి తగ్గట్టు పెంచాలి. నేను మూడు బొడిపెల (ఇటుక మీద లేచి ఉండే గుండ్రటి బుడిపెల) వెడల్పున్న, పళ్లెంలా ఉండే నల్లటి డిష్ ముక్కను ఎంచుకున్నాను. బొడిపెకూ బొడిపెకూ దూరం 8 మిల్లీమీటర్లు కాబట్టి కటకం 24 మిల్లీమీటర్లు. దాని చుట్టూ గొట్టం కడితే ఒక్కో కన్ను ఐదు బొడిపెలు. రెండు కళ్లూ, మధ్య సందూ కలిపితే ఒంటి వెడల్పు పన్నెండు బొడిపెల దగ్గర ఆగింది.

పన్నెండు దగ్గర ఆగడం అదృష్టమే. పన్నెండు బొడిపెలంటే 96 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు, పది వరుసలు పేర్చినా సరిగ్గా 96. చెత్తను ఘనాలుగా నొక్కే రోబో ఒళ్లు వెంట్రుకవాసి తేడా లేని ఘనమైంది. (ఈ లెక్క కుదిరిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో ఎవరికి చెప్పినా ఆవులించారు.) సినిమాలో అతను చేతులూ తలా లోపలికి ముడుచుకుని పెట్టెగా మారిపోతాడు. ఇక్కడా అలా ముడిచే ఏర్పాటు చేయాలని మూడు రోజులు ఆశపడ్డాను. చేస్తే ఒళ్లంతా డొల్ల కావాలి, మెడ యంత్రానికి చోటు ఉండదు. వదిలేశాను. ఇప్పటికీ అది సరైన నిర్ణయమే అంటాను.

ఒంటి ముందు పలక బొడిపెలు బయటికి కనిపించేలా కాక పక్కకు తిప్పి కట్టాను. అందుకు పనికొచ్చే లెక్క ఒకటుంది: పలుచని ప్లేటు మందం 3.2 మిల్లీమీటర్లు, ఐదు ప్లేట్లు పేరిస్తే 16, అంటే రెండు బొడిపెల వెడల్పు. నిలువుకూ అడ్డానికీ సంధి కుదిరే తొలి చోటు ఇదే. ఈ 16ను గుర్తుంచుకోండి, మెడలో మళ్లీ వస్తుంది.

మూడు మెడలు

మొదటి మెడకు టిక్కుటిక్కుమని ఆగే కీలు ముక్కలు వాడాను. వాటికి లోపల పళ్లుంటాయి, ఎంత బరువు పెట్టినా జారవు. ఒక్కో టిక్కుకు 22.5 డిగ్రీలు. నిలకడలో లోపం లేదు. కానీ ఒక టిక్కులో బొమ్మ ఆకాశం చూస్తుంది, తర్వాతి టిక్కులో కాళ్లు చూసుకుంటుంది. ఎదుటి మనిషిని చూసే చూపు ఆ రెండింటికీ మధ్య ఎక్కడో ఉంది. అప్పుడు గుర్తొచ్చింది, నేను కాగితం మీదకు ఎక్కించని ఆ మాట.

రెండో మెడకు పళ్లు లేని, రాపిడితో బిగిసి నిలిచే టెక్నిక్ (లెగోలో యంత్ర భాగాల వరుస) పిన్నులు పెట్టాను. ఏ కోణంలోనైనా ఆగుతుంది. కంప్యూటర్లో అద్భుతంగా ఉంది. అసలు కంప్యూటర్లో ఏ నమూనా అయినా అద్భుతంగానే ఉంటుంది, అక్కడ బరువు లేదు కదా. ముక్కలు ఒకదాన్నొకటి తగులుకుంటే సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపిస్తుంది గానీ, తల వాలిపోతుందని మాత్రం చెప్పదు. నిజం ఇటుకలతో కట్టాక మొదటి రోజు నిలిచింది. నాలుగో రోజు సంగతి పైన చెప్పాను.

ఎందుకు వాలిందో లెక్క వేశాను. ఈ పని కట్టకముందే చేయాల్సింది. తలను తూకం వేస్తే 94 గ్రాములు. మెడ ముందుకు చాచినప్పుడు తల బరువు కేంద్రం కీలుకు 6 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. రెండూ గుణిస్తే 564 గ్రాము-సెంటీమీటర్ల మెలి, అంటే కీలును తిప్పబోయే బలం. పిన్ను రాపిడి ఆ మెలిని అంచు మీద ఆపుతోంది. ఇటుకలు ఏబీఎస్ అనే రకం ప్లాస్టిక్‌వి. అది గట్టిదే గానీ, ఒకే చోట ఒకే బరువు రోజుల తరబడి మోస్తే కొద్దికొద్దిగా ఒదుగుతుంది. రాపిడి పుట్టేది పిన్ను రంధ్రాన్ని ఒత్తే ఒత్తిడి వల్ల. ప్లాస్టిక్ ఒదిగితే ఆ ఒత్తిడి తగ్గుతుంది, పట్టు సడలుతుంది. అందుకే ఈ జబ్బు కట్టిన రోజున కనిపించదు. బొమ్మ నిలబడిందని సంబరపడి ఫోటోలు తీసుకుని పంపేసేవారికి అసలే కనిపించదు. అప్పటి నుంచి ఏ కీలునైనా వారం రోజులు అలా నిలబెట్టి చూడనిదే ఒప్పుకోవడం మానేశాను.

ముందు చేసింది తల బరువు తగ్గించడం. కంటి గొట్టాల లోపల నిండుగా నింపిన ఇటుకలు తీసేసి డొల్ల చేశాను. కళ్ల వెనక ఎవరికీ కనిపించని అలంకారాలు కొన్ని ఉండేవి, మనసు రాకపోయినా తీసేశాను. 94 గ్రాములు 61కి వచ్చింది. ఇది మందు కాదు, ఉపశమనం. 61 గ్రాముల తల నాలుగో రోజు కాకపోతే నలభయ్యో రోజు వాలుతుంది.

మూడో మెడకు వార్మ్ గేర్ తీసుకున్నాను. చూడటానికి మర చుట్లున్న పొట్టి గొట్టంలా ఉంటుంది. దాన్ని తిప్పితే దానితో కలిసిన పళ్ల చక్రం తిరుగుతుంది. చక్రాన్ని పట్టుకుని తిప్పబోతే మాత్రం గొట్టం కదలదు. మర చుట్ల వాలు అంత తక్కువ కావడంతో పన్ను ఎంత తోసినా ఆ బలం రాపిడిలోనే అణగిపోతుంది. తల చక్రం వైపు ఉంటుంది, తిప్పే మీట గొట్టం వైపు. తల ఎంత బరువున్నా మీటను వెనక్కి తిప్పలేదు. పైగా గొట్టం ఒక చుట్టు తిరిగితే చక్రం ఒక్క పన్ను జరుగుతుంది. 24 పళ్ల చక్రం పెడితే చుట్టుకు 15 డిగ్రీలు, పావు చుట్టుకు 3.75. మొదటి మెడలో ఒక్క టిక్కుకు పోయిన దూరంలో ఇప్పుడు ఆరు చూపులు దొరికాయి.

వార్మ్ గొట్టానికీ 24 పళ్ల చక్రానికీ ఇరుసుల మధ్య దూరం రెండు బొడిపెలు, అంటే 16 మిల్లీమీటర్లు. రంధ్రాలున్న ఒక ఇటుక మీద రెండు ప్లేట్లు, వాటి మీద మరో రంధ్రాల ఇటుక పెడితే రంధ్రానికీ రంధ్రానికీ నిలువు దూరం 9.6, 6.4 కలిపి 16. గేర్లు ఒక్క వెంట్రుక కూడా బిగుతు కాకుండా, వదులు కాకుండా కూర్చున్నాయి. గొట్టం ఇరుసు ముందు నుంచి వెనక్కి పోతుంది, మీట వీపు మీద తేలుతుంది. చక్రం ఇరుసు అడ్డంగా ఉంటుంది, దానికి మెడ.

అంతటితో అయిపోలేదు. వార్మ్ గొట్టం తన ఇరుసు మీద అటూ ఇటూ జారగలదు. తల బరువు పన్ను ద్వారా దాన్ని ముందుకు నెడుతుంటుంది. దానికి రెండు వైపులా గోడ లేకపోతే గొట్టం జారి, తల మళ్లీ వాలుతుంది. గోడ కట్టాను. అప్పుడు ఆ తోపు గోడల మీద పడి, ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇటుకలు విడిపోవడం మొదలైంది. ఇటుకల పట్టు నిలువు లాగుడుకు, పక్క నుంచి వచ్చే మెలికి అంత గొప్పది కాదు. పేర్చిన వరుసలను నిలువు కమ్మీతో పిన్నులు వేసి కుట్టేయాలి. నిలువు కమ్మీ రంధ్రాలు ఎనిమిదేసి మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి కాబట్టి, పైన చెప్పిన 16 లెక్క ఇక్కడా కలిసొచ్చింది. లేకపోతే ఆ కుట్టు పడేది కాదు.

ఇంకొక చిక్కు: గేర్ల మధ్య ఎప్పుడూ కాస్త వదులు ఉంటుంది. తల బరువు కీలుకు ముందు ఉన్నంతసేపూ ఆ వదులు ఒక వైపే ఒదిగి ఉంటుంది, కంటికి తెలియదు. మెడ నిట్టనిలువుగా లేచి బరువు కేంద్రం కీలు మీదుగా వెనక్కి దాటిందంటే తల టక్కున వెనక్కి పడుతుంది. రెండు డిగ్రీలే, కానీ పాత్ర చచ్చిపోయినట్టు అనిపిస్తుంది. అందుకని నిలువుకు కాస్త ముందే ఆగేలా లోపల ఒక టైల్ (బొడిపెలు లేని నున్నటి పలక) అడ్డం పెట్టాను.

కళ్లు

తల పక్కకు ఒరగడానికి మళ్లీ వార్మ్ పెట్టే చోటు లేదు, అవసరమూ లేదు. ఒరిగే ఇరుసును సరిగ్గా తల బరువు కేంద్రం గుండా పోనిచ్చాను. కుడి ఎడమలు సమంగా తూగుతాయి, మెలి దాదాపు సున్న. అలాంటి చోట రాపిడి పిన్ను నిక్షేపంగా పనిచేస్తుంది. రెండో మెడలో నన్ను ముంచిన పిన్నే ఇది. ఒంటి వెడల్పు సరి సంఖ్య, కన్ను బేసి సంఖ్య కావడం వల్ల నడిమి గీత కుదరక, మధ్యలో ఒకే బొడిపె ఉన్న ప్లేట్లు వేసి సగం బొడిపె జరిపాను.

రెండు కళ్లూ వేరువేరు క్లిప్పుల మీద ఉన్నాయి. క్లిప్పు పట్టుకునే కడ్డీ సుమారు 3.2 మిల్లీమీటర్లు. ఒక్కో కన్ను తేలిక కాబట్టి అది చాలు. కోణం ఎంత ఉండాలో తేల్చడానికి వేర్వేరు అమరికల్లో ఫోటోలు తీసి, వాటిని కలగాపులగంగా పేర్చి, ఇంట్లో వాళ్లకు చూపించాను. కళ్లు సమంగా ఉన్నప్పుడు అందరూ యంత్రం అన్నారు. బయటి కొసలు కాస్త దిగగానే “పాపం” అన్నారు. ఎక్కువ దిగితే ఏడుస్తున్నట్టుంది, చిరాకు తెప్పిస్తుంది. లోపలి కొసలు దిగితే పక్కింటి కుక్కలా ఉందన్నారు. కొద్దిపాటి దింపే సరైనదని తేలింది. ఆ కోణంలో కూడా ఎడమ కన్ను కుడి కంటికన్నా పిసరంత ఎక్కువ దిగి ఉంటే ఇంకా బాగుంది. కొలతకు కట్టుబడే నా బుద్ధి దీనికి ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది.

తుప్పు గురించి క్లుప్తంగా. రంగు వేయకూడదు కాబట్టి మరకలను ముక్కల రంగులతోనే తేవాలి. మొదట పసుపు గోడలో గోధుమ, ఎర్ర గోధుమ టైళ్లు చిందరవందరగా చల్లాను, తట్టు పోసినట్టు తయారైంది. తుప్పు ఎక్కడపడితే అక్కడ రాదు. నీరు నిలిచే కింది అంచుల్లో, బోల్టుల చుట్టూ, పెంకు లేచిన మూలల్లో వస్తుంది, అక్కడి నుంచి కిందికి కారుతుంది. ఆ దారినే టైళ్లు వేశాను. పై భాగం దాదాపు శుభ్రంగా వదిలేశాను. ఎర్ర గోధుమ రంగు క్లిప్పులు మాత్రం ఎక్కడా వాడలేదు. పాతవి తీసుకుంటే ఆ రంగువి పెళుసుగా విరుగుతాయి, నా పెట్టెలోనే మూడు విరిగాయి. చేతుల్లో, కళ్లలో క్లిప్పులన్నీ బూడిద రంగువే.

పట్టాల చక్రాల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. గొలుసు లింకులు పూర్ణ సంఖ్యలోనే ఉంటాయి కాబట్టి బిగుతు సరిపోయే దాకా ఒక చక్రాన్ని అర బొడిపె అటూ ఇటూ జరిపాను.

కట్టి చూడటం

సూచనల పుస్తకం తయారు చేశాక మా అన్నయ్య కూతురికి ముక్కలన్నీ ఇచ్చి, పక్కన కూర్చున్నాను. ఒక్క మాట కూడా సాయం చేయకూడదని నాకు నేను పెట్టుకున్న నియమం. రెండు పూటలు బాగా సాగింది. మెడ దగ్గరకు వచ్చేసరికి చేతులు ఆపి, “బాబాయ్, ఈ చక్రం ఏ పన్ను దగ్గర మొదలుపెట్టాలో ఇందులో లేదు” అంది. నిజమే. ఎక్కడ తగిలించినా గేర్లు కలుస్తాయి. కానీ మెడ ఏ కోణంలో ఉండగా తగిలించారన్నదాన్ని బట్టి మీట చుట్ల లెక్క మారిపోతుంది. నా వేళ్లకు తెలిసిన సంగతి కావడంతో పుస్తకానికి చెప్పడం మరిచాను. మెడను అడ్డు టైల్‌కు ఆనించి అప్పుడే గేరు దించాలని ఒక అడుగు చేర్చాను.

తర్వాత ఆ పిల్ల మీట తిప్పింది. మెడ లేచింది, అడ్డు టైల్ తగిలింది. తను ఆపలేదు. వార్మ్‌కు బలం ఎక్కువ, ఎదురు తెలియదు. ఫట్‌మని వీపు పలక ఊడి ఒళ్లో పడింది. ఇలాంటి చోట జారిపోయే క్లచ్ గేరు ఒకటి దొరుకుతుంది, అదీ 24 పళ్లదే. మీద 2.5 నుంచి 5 న్యూటన్-సెంటీమీటర్లు అని అచ్చు వేసి ఉంటుంది. దాన్ని పెట్టేద్దామని లేచి, లెక్క వేసి కూర్చున్నాను. 61 గ్రాముల తల 6 సెంటీమీటర్ల దూరంలో వేసే మెలి దాదాపు 3.6 న్యూటన్-సెంటీమీటర్లు. క్లచ్ జారడం మొదలుపెట్టే హద్దు 2.5. మీటను కాపాడబోయి మళ్లీ తలను వాల్చేవాణ్ణి.

చివరికి చేసింది చాలా చిన్న పని. మీటకు పెట్టిన గాట్లున్న చక్రం తీసేసి, నున్నటి చిన్న గుండ్రటి ముక్క పెట్టాను. మామూలుగా తిప్పితే తిరుగుతుంది, అడ్డు తగిలితే వేళ్లే జారతాయి. పిల్ల మళ్లీ ప్రయత్నించింది, జారింది, “ఇదేం మీట బాబాయ్” అని విసుక్కుంది. అదే కావాలి నాకు.

మెడను గరిష్ఠంగా ముందుకు చాచి, మూడు వారాలు అలాగే ఉంచాను. మొదటి రోజున తల కింద గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాను. మూడు వారాల తర్వాత తల ఆ గీత మీదే ఉంది. ముక్కలు సంచుల్లో సర్ది, నేరుగా ఎండ పడే చోట పెట్టవద్దని, పసుపు రంగు మారుతుందని పుస్తకం చివర రాసి పంపించాను.

పెద్దాయన నెలన్నర తీసుకుని కట్టుకున్నారు. ఎనిమిది నెలలకు ఫోన్ చేసి, ఎడమ కన్ను కాస్త వదులైందని, రోజూ ముట్టుకోవడం వల్లేనేమో అని సంజాయిషీ ఇచ్చుకున్నారు. క్లిప్పు అరిగింది. ముక్కల జాబితాలో ఆ క్లిప్పులు రెండు అదనంగా చేర్చి, ఆయనకూ రెండు పంపాను. మెడ ఎలా ఉందని అడిగాను. ఫోటో పెట్టారు. నేను పుస్తకంలో గీసిన కోణంలో లేదు. మీట ఒక చుట్టు ఎక్కువ తిప్పినట్టున్నారు, తల కాస్త కిందికి చూస్తోంది. వాలిందేమోనని గుండె ఝల్లుమంది. “లేదండీ, నేనే దించాను. నా కుర్చీ పొట్టిది” అన్నారు.